పోనిచ్చే పనుల సంచి

మా అత్తమ్మ చనిపోయింది. పత్తి రెండో ఏరుడు నడుస్తున్న రోజులు. నేను చేనులో ఉన్నాను. పక్కింటామె గెట్టు మీద నిలబడి కొంగు ఊపింది. పిలవలేదు. పిలవకుండా కొంగు ఊపితే ఏమిటో మా దగ్గర అందరికీ తెలుసు. ఏరిన పత్తి ఒడిలోనే ఉంది. చేను మీది కుప్పలో పోసి రావాలని కూడా తోచలేదు. ఇంటిదాకా మోసుకుంటూ వచ్చాను. అప్పటికే ఆమెను మంచం మీద నుంచి దించి చాప మీద పడుకోబెట్టారు. వంగి ముఖం చూద్దామంటే ఒడి అడ్డం వచ్చింది.

"గా పత్తి ఎక్కడన్న పోసి రా బిడ్డా" అన్నారెవరో.

ఎక్కడ పొయ్యాలో తోచక కాసేపు అట్లాగే నిలబడ్డాను. ఇంట్లో ఏది ఎక్కడ పెట్టాలో చెప్పే మనిషే కింద పడుకుని ఉంది.

ఆమె గురించి నాలుగు మాటలు రాయమని మా ఆడబిడ్డ అడిగింది. ఆడబిడ్డ అంటే మా ఆయన చెల్లెలు. వర్ధన్నపేటలో చేతిమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. "నాకు రాయొస్తది గని వదినా, అవ్వ మీద రాయాలంటె చెయ్యి నడుస్తలేదు" అంది. అవ్వ అంటే మా దగ్గర అమ్మ. నా చెయ్యి కూడా అంత బాగా నడవడం లేదు. కానీ ఎవరో ఒకరు రాయాలి.

అత్తమ్మ పెద్ద పనులేవీ చేయలేదు. ఊళ్లో ఆమెకు ఏ పెత్తనమూ లేదు. చదువు రాదు. వయసెంతో ఆమెకే తెలియదు. బావి కింద కొంచెం వరి, పైన చెలక, రెండెడ్లు, ఒక బర్రె, ఈ ఇల్లు. వీటి మధ్యనే తిరిగింది. అయితే ఆమె పనిని దాచే తీరు ఒకటుండేది. అది నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ తీరులోనే ఒకసారి ఆమె మా ఆడబిడ్డను దాదాపు వదిలేసింది కూడా. ఆమెను తలుచుకుంటే రెండూ గుర్తొస్తాయి. ఒకటి రాసి ఒకటి వదిలేస్తే ఆమెకే నచ్చదు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో చూశాను. తలుపు తీసి లోపలికి రాగానే ఎడమచేతి గోడకు ఐదు కొయ్యలు. ప్రతి కొయ్యకూ ఒక సంచి. నాలుగు సంచులు మామ పాత ధోవతులతో కుట్టినవి. ఐదోది గోనెగుడ్డది. గింజలేమో అనుకున్నాను. ఒకరోజు ఇల్లు ఊడుస్తూ మొదటి సంచిలో చెయ్యి పెడితే ఒక మేకు, పగ్గం ముక్క, చినిగిన రవిక చెయ్యి, ఎండిపోయిన వంకాయ తొడిమె వచ్చాయి. చెత్త అనుకుని చాటలో పోశాను. బర్రెకు నీళ్లు పెట్టి వస్తున్న అత్తమ్మ చూసింది.

"అయ్యో, ఎటు తీస్కపోతానవు?"

"పెంట మీద పోస్త అత్తమ్మా."

"ఇయ్యాలటి పనులన్ని పెంట మీద పోస్తె మనమేం జేద్దం? కూసుందమా?"

ఆ సంచుల్లో పనులుండేవి. మేకు అంటే కొట్టం తలుపు ఊడుతోంది, బిగించాలి. పగ్గం ముక్క అంటే దూడకు కొత్త పగ్గం పేనాలి. రవిక చెయ్యి కుట్టాల్సింది. వంకాయ తొడిమె అంటే పెరట్లో నారు పొయ్యాలి. ప్రతి పనికీ ఒక వస్తువు. వస్తువు లేని పని ఆమె లెక్కలో పని కాదు. మా ఆయన చేనుకు పోతూ పోతూ "అవ్వా, యూరియా తేవాలె" అంటే, "గట్ల నోటితోని చెప్తె నేనెక్కడ పెట్టుకోవాలె? ఏదన్న చేతిలపెట్టు" అనేది. ఆయన విసుక్కుంటూ వెనక్కి వచ్చి, ఖాళీ యూరియా బస్తా మూతి దారం తెంపి ఇచ్చేవాడు. అది సంచిలో పడితేనే ఆమె ముఖం నిమ్మళించేది.

మొదటి కొయ్య తలుపు పక్కనే. దాని సంచి ఇయ్యాలటి పనులది. తలుపు తీస్తే ఊగి మనిషికి తగిలేది. తగలాలనే అక్కడ పెట్టింది. రెండో సంచి బస్సెక్కే పనులది. వర్ధన్నపేటకో వరంగల్లుకో పోయినప్పుడు దాన్ని మొత్తం చంకకు తగిలించుకుని పోయేది. మూడోది వాన పడ్డాక చేసేవాటిది. నాలుగోది ఎదుటివాళ్ల చేతిలో ఉన్నవాటిది. కమ్మరికి నాగలి కర్రు ఇస్తే అతని కొలిమి దగ్గరి బొగ్గు ముక్క ఒకటి ఇందులోకి వచ్చేది. కర్రు ఇంటికి వచ్చేదాకా ఆ బొగ్గు ఉండాలి. మా గెట్టు జరిపిన పక్క చేనతను ఒకసారి ఇంటికొచ్చి, ఆ సంచిలో ఉన్న రాయిని చూశాడు.

"ఈ రాయి ఏంది వదినె?" అన్నాడు.

"నీ కోసమే పెట్టిన మర్ది. నువ్వు గెట్టు సక్కగ పెట్టినంక తీసేస్త."

అతను చాయ తాగకుండానే పోయాడు. రాయి మాత్రం చాలా కాలం ఉంది.

పొద్దు గుంకే వేళ బర్రె పాలు పితికాక గడపలో కాళ్లు చాపుకుని కూర్చునేది. మొదటి సంచిని చాటలో గుమ్మరించేది. అయిన పని వస్తువును తీసి దాని చోటికి పంపేది. కానిదాన్ని మళ్లీ సంచిలో వేసేది. తర్వాత మిగతా సంచుల్లోకి చెయ్యి పెట్టి, రేపటికి కావలసినవి ఏరి మొదటి దాంట్లోకి మార్చేది. వేళ్లతో తడిమే చెప్పేది ఏది ఏమిటో. ఆ పని చేస్తున్నప్పుడు ఆమెను చూస్తే అలసట అంటే ఏమిటో తెలిసేది. వీపు గోడకు ఆనేది కాదు. ఆనితే మళ్లీ లేవలేనని భయం. "పని ఒడువది బిడ్డా, మనమే ఒడుస్తం" అనేది. పనికి ముగింపు లేదు, మనమే ముగిసిపోతామని. ఏడుస్తూ కాదు. వంకాయలు ముదిరినయి అన్నట్టే అనేది.

నేను నెక్కొండలో పదో తరగతి దాకా చదివాను. కొత్త కోడలిని కదా, నా చదువు కూడా ఈ ఇంటికి పనికి రావాలనిపించింది. ఒక పుస్తకం తెచ్చి ఆమె పనులన్నీ సంచుల వారీగా పేజీలు విడదీసి రాశాను. సాయంత్రం చదివి వినిపించాను. ఆమెకు చాలా నచ్చింది. "మల్లొక్కసారి సదువు" అంది. మళ్లీ చదివి పుస్తకం మూశాను.

"ఇప్పుడేడ పోయినయి?"

"లోపలనే ఉంటయి అత్తమ్మా."

"నాకు కనబడాలె గద. కనబడకుంటె నేను నిమ్మళంగ పండుకుంట. నేను నిమ్మళంగ పండుకుంటె ఇల్లెట్ల నడుస్తది?"

పుస్తకం మానలేదు. దవాఖానలో ఏ డాక్టరు ఏ వారం ఉంటాడు, కరెంటాఫీసులో ఎవరిని అడగాలి, ఇట్లాంటివి దాంట్లో రాసేదాన్ని. అవి సంచిలో పట్టేవి కావు. ఆమె నా పుస్తకాన్ని కూడా రెండో సంచిలో పెట్టుకుని పోయి, అక్కడ ఎవరితోనన్నా చదివించుకునేది. పుస్తకం వచ్చాక పనులు తగ్గాయా అంటే తగ్గలేదు. సంచుల వల్లా తగ్గలేదు.

సంచుల పద్ధతిలో తప్పులూ జరిగేవి. పనికి గుర్తుగా పెట్టిన వస్తువు ఇంట్లో ఇంకొకరి అవసరానికి పనికొచ్చేది. మామ ఒకసారి మంచం కోడు కదులుతోందని సంచిలోని మేకు తీసి కొట్టుకున్నాడు. కొట్టం తలుపు సంగతి అందరం మరిచిపోయాం. నాలుగు రోజుల తర్వాత దూడ బయటపడి ఎవరిదో మిరపతోట తొక్కింది.

"నా మేకు ఎవలు తీసిన్రు?" అని అత్తమ్మ ఇల్లంతా వెతికింది.

"మంచానికి కొట్టిన" అన్నాడు మామ.

"అది మేకు గాదు. కొట్టం తలుపు."

"నాకు మేకు లెక్కనే కనబడ్డది."

"ఇంక నువ్వు నా సంచి జోలికి వస్తె నిన్ను గూడ నాలుగోదాంట్ల ఏస్త."

మామ నెమ్మదైన మనిషి. ఆ తర్వాత ఏ సంచి దగ్గరికైనా పోతే ముందు దగ్గి, "తియ్యనా?" అని అడిగేవాడు.

ఇప్పుడు ఐదో సంచి గురించి. దాన్ని పోనిచ్చే సంచి అనేది. ఎంత కాలం మోసినా కాని పనులు కొన్ని ఉంటాయి. రోజూ మొదటి సంచిలోకి వచ్చి, రోజూ కాకుండా మిగిలిపోయేవి. అట్లాంటిదాన్ని ఒక సాయంత్రం వేళ్ల మధ్య తిప్పి చూసి, లేచి వెళ్లి గోనెసంచిలో వేసేది. పారేయడం కాదు అది. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాసకు ముందు ఇల్లు దులిపి అలికే రోజు ఒకటుంటుంది. ఆ రోజు ఇంట్లో అందరూ కూర్చోవాలి. ఆమె గోనెసంచి గుమ్మరించి ఒక్కో వస్తువూ ఎత్తి చూపేది. "ఇది ఎవలన్న తీస్తరా?" అని అడిగేది. ఎవరైనా తీస్తే ఆ పని వాళ్లది. తీసినోళ్లదే పని. ఎవరూ తీయకపోతే అది పెంటకుప్ప మీదికి పోతుంది. ఇక దాని గురించి ఏడాదంతా ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనకూడదు. పెత్రమాస దాకా మాత్రం ఏ పనీ పోకూడదు. అదీ కట్టుబాటు.

నా పెన్ను మూత కూడా ఆ సంచిలోకి పోయింది. టీచరు ట్రైనింగుకు పోవాలని ఉండేది. ఆమెకు చెబితే, "ఏదన్న ఇయ్యి" అంది. పెన్ను మూత ఇచ్చాను. దాన్ని బస్సెక్కే సంచిలో పెట్టింది. రెండు కాన్పులైనాక నేనే తీసి ఐదో దాంట్లో వేశాను. ఆ పెత్రమాసకు ఆమె దాన్ని ఎత్తి పట్టుకుంది. మిగతావాటికంటే కొంచెం ఎక్కువ సేపు పట్టుకుంది. ఎవరూ తీయలేదు. నేనూ తీయలేదు. "పోనియ్యి బిడ్డా. పోయేటివి పోతెనె ఉన్నయి అయితయి" అని చాటలో పడేసింది. ఆ సాయంత్రం నాకు తేలికగానే అనిపించింది. చేయలేని పనిని రోజూ చూడడం కంటే, అందరి ముందు వదిలేయడం మంచిదే. ఆ సంచి లేకపోతే ఆమె అంత కాలం నడిచేది కాదని ఇప్పటికీ అనుకుంటాను.

మా ఆడబిడ్డకు చిన్నప్పుడు జ్వరం వచ్చి కుడికాలు సన్నబడింది. ఇనుప పట్టీల బూటు వేసుకుంటేనే నడవగలదు. బూటు పాదానికి, పట్టీలు మోకాలి పైదాకా. తోలు బెల్టులు, బకిళ్లు. పిల్ల పెరుగుతుంటే బూటు పెరగదు. పొట్టిదైపోయిన బూటును ఇంకా వేసుకుంటే పట్టీ అంచు కొట్టుకుని పుండు పడేది. వేసుకోకపోతే కూర్చున్న చోటే ఉండాలి. కాబట్టి కొత్త బూటు అనే పని మా ఇంట్లో ఎప్పుడూ తీరేది కాదు. దాని గుర్తు పాత బూటు నుంచి ఊడిన బకిల్ ఒకటి. రెండో సంచిలో ఉండేది. వరంగల్లులో కొలత తీసుకున్నాక నాలుగో సంచిలోకి పోయేది. కొలత తీసే డాక్టరు వారంలో ఒకరోజే వస్తాడు. బూటు చేసేవాళ్లు వేరే చోట. వాళ్లకు ఇనుప పట్టీలు హైదరాబాదు నుంచి రావాలి. అవి వచ్చేసరికి పిల్ల కాలు కొలత మారేది. మళ్లీ బకిల్ రెండో సంచిలోకి. పిల్ల చిన్నగా ఉన్నప్పుడు అత్తమ్మ వీపున ఎక్కించుకుని బస్సు రోడ్డు దాకా నడిచేది. తర్వాత పిల్ల బరువైంది. ఈమె బలం తగ్గింది.

ఒక ఏడు వాన పడలేదు. బావి అడుగు కనిపించింది. మూడో సంచి, వాన సంచి, నిండా ఉండి కొయ్యను వంచింది. మా ఆయన, మామ రోడ్డు పనికి కూలికి పోయేవాళ్లు. నా చంకలో చిన్నది. అత్తమ్మ అంత పనిలోనూ పిల్లను తీసుకుని వరంగల్లు పోయి వచ్చేది. ఉత్తగానే వచ్చేది. డాక్టరు ఉంటే పట్టీలు లేవు. పట్టీలు వస్తే డాక్టరు సెలవు. పొద్దు గుంకాక ఇద్దరూ ఇంటికి చేరి, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా అన్నం తినేవాళ్లు. అప్పటికి ఆడబిడ్డ వర్ధన్నపేట బడికి పోవడం ఆగిపోయింది. పొట్టి బూటుతో అంత దూరం నడవలేకపోయింది. ఇంకో ఏడు ఇట్లాగే పోతే ఆ పిల్ల ఇక గడప దాటదని మాకందరికీ తెలుసు.

ఆ ఏడు పెత్రమాస ముందు అలుకు పని అయ్యాక అందరం కూర్చున్నాం. అత్తమ్మ గోనెసంచి గుమ్మరించింది. ముందు కందీలు దీపం మూత ఎత్తింది.

"ఇది నేను తీస్త" అన్నాడు మామ.

"పోయినేడు గూడ నువ్వే తీసినవు."

"గందుకే, దానికి నేను అలవాటైన."

నవ్వుకున్నాం. విరిగిన గొర్రు పల్లు మా ఆయన తీసుకున్నాడు. చిల్లిగంప అంచు పెంట మీదికి పోయింది. తర్వాత ఆమె చేతిలోకి బకిల్ వచ్చింది. అది ఏ పనో చెప్పలేదు. చెప్పే అవసరం లేదు.

"అది ఈ సంచిలకెట్ల వచ్చిందే అవ్వా?" అన్నాడు మా ఆయన.

"నేనే ఏసిన."

"ఎందుకు?"

"నాతోని గాదు కొడుకా. పాణం బాగ అలిసింది. పోయినన్ని సార్లు పోయిన. ఎవలన్న తీస్తె తియ్యుండ్రి. లేకుంటె..."

బకిల్ చాటలో పెట్టింది. మా ఆయన నేల చూశాడు. పని మానేస్తే కూలి లేదు, కూలి లేకపోతే గింజలు లేవు. మామకు బస్సు దిగాక దారి తెలియదు. నా ఒడిలో పసిది. ఒక్క చెయ్యీ లేవలేదు. అలికిన నేల తడి వాసన వస్తోంది. బయట ఎవరో బర్రెను అదిలిస్తున్నారు.

మా ఆడబిడ్డ గడపలో కాలు చాపుకుని కూర్చుని ఉంది. చేతుల మీద బరువు వేసి జరుక్కుంటూ చాట దగ్గరికి వచ్చింది. అలుకు మీద ఆమె జరిగిన దారి చారలా పడింది. బకిల్ తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"తీసినోళ్లదే గద పని" అంది.

"ఒక్కదానివి ఎట్ల పోతవే?" అంది అత్తమ్మ.

"బస్సు నడిపేది నేను గాదు గద. కూసుంటె అదే తీస్కపోతది."

"దిగినంక?"

"దిగినంక అడుగుత. కాలు బాగ లేదు గని నోరు మంచిగనే ఉంది."

"నోరు మాత్రం వాళ్లవ్వదే" అన్నాడు మామ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

వద్దనడానికి అత్తమ్మకు వీల్లేదు. కట్టుబాటు ఆమెదే. ఆడబిడ్డ గోడ పట్టుకుని లేచి, బకిల్‌ను బస్సెక్కే సంచిలో వేయలేదు. తలుపు పక్కన మొదటి సంచిలో వేసింది. అప్పటికి ఆ పిల్లకు పదిహేనేళ్లు ఉంటాయేమో.

డాక్టరు వచ్చే రోజు, బూటు చేసే చోటు, దారిలో అడగాల్సిన గుర్తులు ఒక చీటీ మీద రాసి ఇచ్చాను. ఆ రోజు తెల్లారి పిల్ల పొట్టి బూటే బిగించుకుని బయలుదేరింది. అత్తమ్మ రోడ్డు దాకా వెంట నడిచింది. పిల్లను పట్టుకోలేదు. పక్కన కూడా నడవలేదు. నాలుగడుగులు వెనక నడిచింది. నేనూ పోయాను. బస్సు ఆగాక కండక్టరు దిగి, "పట్టుకోవాల్నా అమ్మా?" అన్నాడు.

"పట్టుకోవద్దు. జర ఆగు, గంతె" అంది పిల్ల.

వెనక్కి తిరిగి మెట్టు మీద కూర్చుంది. చేతులతో లేచి పై మెట్టు మీద కూర్చుంది. అట్లా కూర్చుంటూ కూర్చుంటూ బస్సులోకి ఎక్కింది. కిటికీల్లోంచి జనం చూస్తున్నారు. డ్రైవరు బండి ఆపి ఉంచాడు. బస్సు పోయింది. దుమ్ము పోయింది.

"పోదం పా అత్తమ్మా" అన్నాను.

"నువ్వు పో."

రోడ్డు మీది చాయ హోటలు ముందు బండ మీద కూర్చుంది. సాయంత్రం బస్సు వచ్చేదాకా అక్కడే కూర్చుంది. ఆమె పని చేయకుండా ఒక పగలంతా కూర్చోవడం అదే మొదలు. ఆ రోజు మొదటి సంచిలోని పనులన్నీ అట్లాగే మిగిలిపోయాయి. బర్రెకు నేనే నీళ్లు పెట్టాను.

పిల్ల ఆ రోజు ఉత్తగానే వచ్చింది. కొలత మాత్రం ఇచ్చి వచ్చింది. మళ్లీ పోయింది. మళ్లీ ఉత్తగానే వచ్చింది. తల్లి పోయినప్పుడు ఎట్లా జరిగిందో అట్లాగే జరిగింది. తేడా ఒక్కటే. బూటు చేసే ఆయనతో ఈ పిల్లకు మాటలు కలిశాయి. పట్టీలు రాగానే ఎవరి చేతనైనా కబురు పంపుతానన్నాడట. పంపాడు. బతుకమ్మ పోయి, దీపావళి కూడా పోయాక, ఒక సాయంత్రం రోడ్డు వైపు నుంచి ఇనుప బూటు చప్పుడు వినిపించింది. అత్తమ్మ గడపలో చాట ముందు కూర్చుని ఉంది. లేవలేదు. చప్పుడు వాకిట్లోకి వచ్చేదాకా విని, మొదటి సంచిలోంచి బకిల్ తీసి పక్కన పెట్టింది.

క్షమించమనే మాట ఆమెకు రాదు. రెండు రోజుల తర్వాత గోనెసంచి కొయ్యకు తగిలిస్తూ ఇంట్లో అందరికీ వినపడేలా అంది. "మనిషి సామాను ఈ సంచిలకు రావద్దు. ఎవలేసినా తీసి మొదటి దాంట్ల ఏయుండ్రి. నేనేసినా సరే."

చాలా ఏళ్లకు ఒకసారి మిరపకాయలు దంచుతూ నాతో అంది. "ఆ దినం అది తీయకుంటె నేనేం జేద్దునో నాకే తెల్వదు." రోకలి ఆపకుండానే అంది. జవాబు అక్కర్లేదన్నట్టు.

ఆడబిడ్డ మళ్లీ బడికి పోయింది. పది పాసైంది. కుట్టుపని నేర్చుకుంది. ఆ తర్వాత బూట్ల పనంతా తనదే. మామ పోయాడు. పత్తి వచ్చింది, పత్తితో పురుగుమందుల డబ్బాలు వచ్చాయి, సంచుల్లో వాటి మూతలు చేరాయి. పనులు పెరిగాయి. అత్తమ్మ మాత్రం తగ్గుతూ వచ్చింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. వరంగల్లు డాక్టరు సీసా మందు రాసి, సీసా అయిపోగానే మళ్లీ రమ్మన్నాడు. ఖాళీ సీసా రెండో సంచిలో పెట్టుకుని మా ఆయన వెంట కొన్నిసార్లు పోయి వచ్చింది. చాట ముందు కూర్చునే ఓపిక పోయాక మంచం మీద నుంచే నాకు చెప్పేది. "గది రేపటికి. గది ఆగనియ్యి. గది నీతోని గాదు, ఐదోదాంట్ల ఏయి."

ఈసారి పెత్రమాస ముందు ఆడబిడ్డ మిషను మూసి ఒకరోజు ముందే వచ్చింది. అలుకు పని నేను చేశాను. మంచం దగ్గరికి చాట తెచ్చి గోనెసంచి గుమ్మరించాను. సీసా దొర్లుకుంటూ వచ్చింది.

"ఇది ఎవలేసిన్రు?" అంది ఆడబిడ్డ.

"నేనే" అంది అత్తమ్మ. ఎప్పుడు లేచి కొయ్య దాకా నడిచిందో మాకు తెలియదు.

"మనిషి సామాను రావద్దని ఎవలన్నరు?"

"నేనే అన్న. అది నీ కాలు సంగతి. ఇది నా సంగతి."

"నువ్వు మనిషివి గాదా?"

"అలిసిన మనిషిని బిడ్డా. పోనియ్యి."

మా ఆయన నా వైపు చూశాడు. నేను చాట వైపు చూశాను. ఆడబిడ్డ వంగి సీసా తీసింది.

"తీసినోళ్లదే పని."

"నీతోని గాదే."

"బస్సు నడిపేది నేను గాదు గద."

అత్తమ్మకు నవ్వొచ్చింది. నవ్వు ఆయాసంలోకి తిరిగింది. ఆడబిడ్డ టక్కుటక్కుమంటూ నడిచి సీసాను మొదటి సంచిలో వేసింది.

అన్నంత పనీ చేసింది. దుకాణం మూసి, వారం వారం తల్లిని వరంగల్లు తీసుకుపోయింది. మొదటిసారి బస్సు దగ్గరికి నేనూ పోయాను. ఆడబిడ్డ కడ్డీ పట్టుకుని ముందు ఎక్కింది. అత్తమ్మ మెట్టు మీద కాలు పెట్టి ఎత్తలేకపోయింది. కాసేపు మెట్టు వైపు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి మెట్టు మీద కూర్చుంది. చేతులతో లేచి పై మెట్టు మీద కూర్చుంది. ఎవరూ నేర్పలేదు. కూతురు పైన నిలబడి ఉంది, చెయ్యి అందించలేదు. "జర ఆగుండ్రి" అని మాత్రం కండక్టరుతో అంది.

మందు మారింది. కొత్త సీసాలు వచ్చాయి. గుర్తుగా పెట్టిన పాత సీసా మాత్రం మొదటి సంచిలోనే ఉంది. పని అయ్యేదాకా తీయకూడదు కదా. మంచం మీద నుంచి అత్తమ్మకు ఆ సంచి కనిపించేది. "గది తీసి పడేయరాదు?" అనేది కూతురితో. "పని గాలేదు గద" అనేది కూతురు. ఇద్దరికీ అది ఆటలా అయింది. చివరి రోజుల్లో అత్తమ్మ మాట అనేది కాదు. సంచి వైపు గడ్డం ఎత్తి చూపేది. కూతురు తల అడ్డంగా ఊపేది. అంతే.

నేను చేనులో ఉన్న ఆ మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరే ఉన్నారు. తల్లికి నీళ్లు తాగించి, గిన్నె బయట పెట్టి వచ్చేసరికి అయిపోయిందట. ఆడబిడ్డ ఇంతకంటే ఎక్కువ చెప్పలేదు.

దినాలైపోయాయి. చుట్టాలు పోయారు. పత్తి మూడో ఏరుడు మొదలైంది. పొద్దు గుంకే వేళ గడపలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. ఆమె అంత త్వరగా నా వేళ్లకు తెలియదు ఏది ఏమిటో. ఒక గవ్వ దొరికింది, ఒక నల్లదారం ఉండ దొరికింది. అవి ఏ పనులో ఎవరికీ తెలియదు. తీసి మళ్లీ ఉన్న చోటే పెట్టాను. వీపు గోడకు ఆనించకూడదని నాకూ అర్థమవుతోంది.

మొన్న మా ఆయన మొదటి సంచిలో చెయ్యి పెట్టి సీసా తీశాడు.

"దీన్ని పారేద్దమా?" అన్నాడు.

"ఇప్పుడు గాదన్నా. పెత్రమాస రానియ్యి" అంది ఆడబిడ్డ. "అందరం కూసొని అడుగుదం."

ఆయన సీసాను మళ్లీ సంచిలో వేశాడు. మధ్యాహ్నం బస్సుకు ఆడబిడ్డ వర్ధన్నపేటకు పోయింది. బూటు చప్పుడు రోడ్డు దాకా వినిపించింది.

ఇప్పుడు చలిగాలి మొదలైంది. గాలికి తలుపు కదిలినప్పుడల్లా మొదటి కొయ్య మీది సంచి ఊగుతుంది. సీసా గోడకు తగిలి టక్కుమంటుంది. పనిలో వంగి ఉన్నదాన్ని తల ఎత్తి చూస్తాను. తలుపు తెరిచి ఉంటుంది. మళ్లీ వంగుతాను.